తూర్పుగాలి తెచ్చు తడి



నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల నల్లరేగడి భూములలో శనగ విత్తు రైతు ఆశ్వయుజ కార్తికములందు తూర్పున నల్లమల వైపు చూచును. పదును చాలకున్న విత్తు మొలవదు. విత్తిన మరునాడే కుంభవృష్టి కురిసినచో కుళ్లిపోవును. ఆ గాలిలో తడి యెంత యున్నదో ముందుగా తెలియునా యని పెద్దలు నన్ను పలుమారు లడిగిరి. ఆ తడిని మానవుడు సముద్రముపై కొలువ నేర్చిన చరిత్రను నేడు విన్నవించెదను.

చలికాలము సమీపింపగా ఆసియా ఖండపు ఉత్తరభూములు చల్లబడును. అచ్చటి పొడిగాలి దక్షిణమునకు సాగి వెచ్చని సముద్రముపై నడచును. 10 డిగ్రీల చల్లగాలి ఘనమీటరునకు సుమారు 9 గ్రాముల నీటియావిరినే మోయగలదు. 28 డిగ్రీల గాలి 27 గ్రాముల వరకు మోయగలదు. కావున వేడెక్కినకొలది ఆ గాలి సముద్రపు నీటిని త్రాగుచు పోవును. మన యీశాన్య ఋతుపవనము బంగాళాఖాతముపై తడియు విధ మిదియే.

తొలుత ఓడలపై రెండు ఉష్ణమాపకముల నుంచి, ఒకదానికి తడిగుడ్డ చుట్టెడివారు. గాలి యెంత పొడిగా నున్న నా తడిగుడ్డ యంత చల్లబడును. కూజానీరు చల్లబడుటకును కారణ మిదియే. కాని యిది ఓడమీది గాలి లెక్క మాత్రమే. పైగాలుల తడిని 1930 నాటి దశాబ్దమునుండి బుడగలకు కట్టిన యంత్రములు రేడియో మూలమున తెలుపసాగెను.

1974, 1975 సంవత్సరముల ఫిబ్రవరి మాసములలో జపానువారి యాధ్వర్యమున ఒకినావా దీవుల చుట్టును గొప్ప పరిశోధన జరిగెను. కె.సి. కాలువలో తూమువద్ద ఎంత నీరు వచ్చినది, చివర ఎంత పోయినది యని మనము లెక్కించినట్లే, వారు సముద్రముపైకి వచ్చిన గాలి తడిని, వెడలిన గాలి తడిని కొలిచిరి. ఆ భేదమును బట్టి సముద్ర మిచ్చిన తడిని లెక్కగట్టిరి.

మన బంగాళాఖాతముపై 1998 అక్టోబరు, నవంబరు మాసములలో సాగరకన్య యను నౌక ఇట్టి కొలతలకై తిరిగెను. 2011 అక్టోబరు 12న శ్రీహరికోటనుండి యెగసిన మేఘా ట్రాపిక్స్ ఉపగ్రహము ఆకాశమునుండియే తడిని పొరలు పొరలుగా కొలిచెను. భారత, ఫ్రాన్సు దేశము లుమ్మడిగా నిర్మించిన యా యుపగ్రహము 2023లో కాలధర్మము నొందెను.

ఇన్ని కొలతలున్నను ఫలానా చేనిలో ఫలానా గడియకు వాన పడునని యెవ్వరును చెప్పజాలరు. జిల్లా కంతటికి చెప్పిన సూచన ఒక్క చేనికి తప్పవచ్చును. అయినను పెద్దల కంటిచూపునకు ఈ కొలత తోడైనచో, విత్తనపు మూట విప్పుటకు ముందు రెండు దినము లాగుటయో, వెంటనే గొర్రు కట్టుటయో తేల్చుకొనవచ్చును. ఆ రెండు దినములే యొక్కొక్క యేడు పంటను నిలుపును.