చిన్న ఇంజన్ల స్ప్రింగ్ స్టార్టర్

చేతితో తిప్పి స్ప్రింగులో బిగించిన శక్తిని ఒక్కసారిగా వదిలి ఇంజన్‌ను కదిలించే పరికరాన్ని స్ప్రింగ్ స్టార్టర్ అంటారు. అంతర్దహన యంత్రం తనంతట తాను కదలదు. పిస్టన్ ఒకసారి గాలిని లోపలికి పీల్చి నొక్కితేగానీ మొదటి మంట పుట్టదు కనుక, ఆ తొలి చుట్లు బయటి బలంతోనే తిరగాలి. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. నొక్కుడుపడిన గాలి వేడికే ఇంధనం అంటుకోవాలి. నెమ్మదిగా తిప్పితే ఆ వేడి సిలిండర్ గోడలకు పోతుంది, కొంత గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది. అందుకే బలంతో పాటు వేగమూ కావాలి. మనిషి నింపాదిగా చేసిన పనిని కూడబెట్టి, రెప్పపాటులో ఇంజన్‌కు అందించడమే స్ప్రింగు చేసే మేలు.

తొలినాటి ఇంజన్లకు హ్యాండిలే స్టార్టర్. మంట ముందుగా అంటుకుంటే హ్యాండిల్ ఎదురు తన్నేది, మణికట్లు విరిగేవి. 1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకానికి తెచ్చిన పడవ మోటారుకు ఫ్లైవీల్ మీదే ఒక పిడి ఉండేది. ఇంజన్ అంటుకున్నాక ఆ పిడి కూడా గిర్రున తిరుగుతూ వేళ్ల కణుపులను కొట్టేది. తర్వాత గాడి ఉన్న పుల్లీకి తాడు చుట్టి లాగే పద్ధతి వచ్చింది. చెయ్యి చక్రానికి దూరమైంది కానీ, ఇంజన్ ఆగిన ప్రతిసారీ తాడు మళ్లీ చుట్టుకోవాల్సిందే.

కార్లకు కూడా కొందరు స్ప్రింగ్ స్టార్టర్లు తయారుచేశారు. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లలో రావడంతో వాటికి కాలం చెల్లింది. బ్యాటరీని మోయలేని చిన్న ఇంజన్లలోనూ, బ్యాటరీని నమ్ముకోలేని చోట్లలోనూ మాత్రం స్ప్రింగు నిలిచింది.

చిన్న ఇంజన్లలో ఎక్కువగా స్థిరపడింది రీకాయిల్ స్టార్టర్. ఇందులో ఇంజన్‌ను తిప్పేది లాగే చెయ్యే. లోపలి చుట్టు స్ప్రింగు పని తాడును తిరిగి పుల్లీ మీదికి చుట్టడం వరకే. తాడు లాగినప్పుడు పుల్లీలోని కొక్కేలు బయటికి వచ్చి ఫ్లైవీల్ మీది కప్పుకు తగులుకుంటాయి. ఇంజన్ అందుకోగానే విడిపోతాయి.

స్ప్రింగే ఇంజన్‌ను తిప్పే అసలు రకం 1960ల్లో అమెరికాలో గడ్డి కోసే యంత్రాల మీద బాగా వాడుకలోకి వచ్చింది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వంటి కంపెనీలు ఇంజన్ పైన మడత పిడి అమర్చాయి. గడియారానికి కీ ఇచ్చినట్టు దాన్ని తిప్పి, మీట వదిలితే చాలు. బలం తక్కువ ఉన్నవారికి ఇది గొప్ప వెసులుబాటే. దీని ప్రమాదమూ అక్కడే ఉంది. ఇంజన్ అంటుకోకుండా మధ్యలో ఆగితే శక్తి స్ప్రింగులోనే మిగిలిపోయేది. బ్లేడుకు అడ్డుపడిన గడ్డిని తీయబోయినవారి చేతి మీదికి ఆ బ్లేడు తిరిగేది. స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్‌లోని ఒత్తిడిని కొంత తగ్గించే ఏర్పాట్లు వచ్చాక తాడు లాగడం తేలికైంది, కీ తిప్పే రకం వెనకబడింది. అది వెనకబడటం మంచిదే అయింది. వీటన్నిటిలోకీ చిన్నది బొమ్మ విమానాలకు వాడే కాక్స్ కంపెనీ ఇంజన్‌ది. సుమారు 0.8 సీసీ ఇంజన్ ప్రొపెల్లర్‌కు చిన్న స్ప్రింగు తగిలించి, వెనక్కి ఒక చుట్టు తిప్పి వదిలేవారు.

డీజిల్ ఇంజన్లకు ఇంతకన్నా గట్టి ఏర్పాటు కావాలి. వాటి స్టార్టర్లలో బిళ్లల స్ప్రింగులు వాడతారు. నడుమ రంధ్రంతో, కాస్త గిన్నెలా వంగిన ఉక్కు బిళ్లలివి. ఫ్రాన్స్‌కు చెందిన జూలియన్ బెల్‌విల్ 1867లో పేటెంటు పొందిన రూపం. హ్యాండిల్ తిప్పేకొద్దీ మర బిళ్లల దొంతరను నొక్కుతుంది. మీట వదిలితే పళ్లచక్రం ఫ్లైవీల్ పళ్లలోకి దూరి ఇంజన్‌ను కొన్ని చుట్లు తిప్పుతుంది. ఒక బిగింపుకు ఒకే ప్రయత్నం కనుక, ముందే ఇంధనం పైపులో గాలి తీసేసి సిద్ధంగా ఉండాలి. కరెంటు నిప్పురవ్వ పడకూడని చోట్ల, ఓడల్లో, ప్రాణరక్షక పడవల్లో వీటికి విలువ ఎక్కువ. 1998 జూలై 1 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ప్రాణరక్షక సాధనాల నియమావళి ప్రకారం, పడవ ఇంజన్‌కు చేతి స్టార్టరైనా ఉండాలి, లేదా రెండు వేర్వేరు శక్తి వనరులున్న స్టార్టరైనా ఉండాలి. మైనస్ 15 డిగ్రీల చలిలోనూ రెండు నిమిషాల్లో ఇంజన్ అందుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో పడమటి ప్రకాశంలోని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో ఈ కథ మరో దారిన నడిచింది. గుండ్లకమ్మ మీది కంభం చెరువు వంటి చెరువుల ఆయకట్టును మినహాయిస్తే, ఈ మెట్ట సీమలో సాగు చాలావరకు బావుల మీద, ఆ తర్వాత బోర్ల మీద ఆధారపడింది. కరెంటు అందని బావికి ఆయిల్ ఇంజనే దిక్కు. ఇంగ్లండ్ లిస్టర్ ఇంజన్‌ను చూసి రాజ్‌కోట్‌లో తయారైనవీ, 1946లో పుణెలో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కంపెనీవీ దేశమంతటా రైతులకు తెలిసినవే. లిస్టర్ 6/1 రకం నిమిషానికి 650 చుట్లతో 6 హార్స్ పవర్ ఇచ్చేది. దానికి స్ప్రింగు అవసరం లేకపోయింది. డీకంప్రెషన్ లివర్ ఎత్తితే వాల్వు తెరుచుకుని ఒత్తిడి ఉండదు, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. బరువైన రెండు ఫ్లైవీళ్లు వేగం పుంజుకున్నాక లివర్ దించితే ఇంజన్ డుబ్బుమని అందుకుంటుంది. స్ప్రింగు చేయాల్సిన పనిని ఇక్కడ ఇనుప చక్రమే చేసింది. నీళ్లు బోర్లలోకి దిగిపోయి సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాక ఈ ఇంజన్లకు పని తగ్గింది.

ఇప్పుడు ఈ ప్రాంతంలో స్టార్టర్ స్ప్రింగు ఎక్కువగా కనిపించేది రైతు వీపు మీది పవర్ స్ప్రేయర్‌లోనే. మిర్చికీ పత్తికీ కందికీ మందు కొట్టే ఈ పెట్రోల్ యంత్రాలకు, కలుపు తీసే బ్రష్ కట్టర్లకు, అంగళ్ల ముందరి చిన్న జనరేటర్లకు రీకాయిల్ తాడే ఆధారం. అందులో ముందు అరిగేది తాడు. పిడి దగ్గరో, కప్పు రంధ్రం దగ్గరో పీచులు లేస్తుంది. మార్చేటప్పుడు కప్పు విప్పి, పుల్లీని కొన్ని చుట్లు బిగించి కదలకుండా పట్టుకుని, రంధ్రాలు ఎదురెదురుగా తెచ్చి తాడు దూర్చి ముడి వేయాలి. పుల్లీని మెల్లగా వదిలితే తాడు దానంతటదే చుట్టుకుంటుంది. బిగింపు తక్కువైతే పిడి వేలాడుతుంది. ఎక్కువైతే తాడు పూర్తిగా లాగకముందే స్ప్రింగు చివరికొచ్చి విరుగుతుంది.

కొత్త యంత్రాల్లో కొన్నిటికి పాత కీ స్టార్టర్ ఆలోచన తిరిగి వచ్చింది. స్టిల్ కంపెనీ ఎర్గోస్టార్ట్ ఏర్పాటులో తాడు పుల్లీకీ క్రాంక్‌షాఫ్ట్‌కూ మధ్య మరో స్ప్రింగు ఉంటుంది. లాగిన బలం ముందు అందులో చేరుతుంది, పిస్టన్ ఒత్తిడిని మించగానే షాఫ్ట్‌ను తిప్పుతుంది. తాడు వడిగా లాగక్కర్లేదు, చేతికి కుదుపు తగలదు. పాత రకంలోలా శక్తి ఎక్కువసేపు దాగి ఉండదు కనుక, చిన్న ఇంజన్‌కు ఇప్పటిదాకా వచ్చిన స్ప్రింగ్ స్టార్టర్లలో ఇదే మేలైనది. ఏ రకమైనా స్టార్టర్ కప్పు విప్పేటప్పుడు ముఖం పక్కకు పెట్టి, కళ్లద్దాలు పెట్టుకోవాలి; బిగిసి ఉన్న చుట్టు స్ప్రింగు ఎగిరిపడితే దాని అంచు కత్తిలా కోస్తుంది.