పాత లాప్‌టాప్‌కు సర్వీసు పొడిగింపు

1983లో మన రాష్ట్రంలో పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించినప్పుడు కలిగిన కలవరం మన సభ్యులలో చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. 1984లో అది తిరిగి 58 అయినది. పని చేయగలవానిని కేవలం వయస్సు చూసి ఇంటికి పంపరాదన్నది ఆనాటి మన వాదన. ఈనాడు మన ఇండ్లలో అదే ప్రశ్న లాప్‌టాప్ విషయంలో ఎదురవుతున్నది.

నేను నివసించే పుప్పాలగూడ ఐ.టి. కంపెనీల నడుమనున్న ఊరు. ఇక్కడ పిల్లలు కొత్త లాప్‌టాప్ కొనుక్కొని, పదేళ్లు వాడిన పాతదానిని పెద్దలకు ఇవ్వడం పరిపాటి. పెన్షను వివరాలు, బ్యాంకు లెక్కలు, అమెరికాలోని మనుమలతో మాటలు అన్నీ దానిమీదే. అది తెరుచుకొనేలోగా కాఫీ చల్లారుతుంది. "పారేసి కొత్తది కొనండి నాన్నా" అంటారు పిల్లలు. పారవేయడానికి ముందు దాని సర్వీసు రిజిస్టరు ఒకసారి తిరగవేయడం న్యాయం.

లాప్‌టాప్‌లో జ్ఞాపకం రెండు చోట్ల ఉంటుంది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ర్యామ్ అనేది గుమాస్తా బల్ల, హార్డ్ డిస్క్ రికార్డు రూము. బల్లమీద ఫైళ్లు పరచుకొని పని చేస్తాము. కరెంటు పోతే బల్ల ఖాళీ. రికార్డు రూములోనివి మాత్రం భద్రం. బల్ల చిన్నదైతే మాటిమాటికీ రికార్డు రూముకు పరుగెత్తాలి. పాత లాప్‌టాప్ మందగించడానికి చాలావరకు ఈ పరుగే కారణం.

ఈ బల్లను పెద్దది చేసే ఆలోచన కొత్తదేమీ కాదు. 1967లో డాక్టర్ ఎ.ఎస్. రావుగారి సారథ్యంలో మన హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడినది. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపొందిన టి.డి.సి.-12 అనే కంప్యూటరును 1969లో ఆ సంస్థ వెలువరించినది. పేరులోని 12కు అర్థం, ఒక్కొక్క పదానికి 12 బిట్లని. దాని జ్ఞాపకం 4,096 పదాలు. ఆ రోజుల్లో ఒక్కొక్క బిట్టుకు ఆవగింజంత అయస్కాంతపు ఉంగరం ఒకటి ఉండేది. సన్నని తీగలు వాటిగుండా దూర్చి జాలీలాగా అల్లేవారు. అంటే 49,152 ఉంగరాలు! అంతా కలిపితే నేటి లెక్కలో 6 కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసం కూడా దానిలో పట్టదు. కానీ గమనించదగినది ఏమంటే, ఆ జ్ఞాపకాన్ని 32 వేల పదాల వరకు పెంచుకొనే వీలు ఆ యంత్రంలోనే కల్పించారు. అవసరం పెరిగితే యంత్రాన్ని మార్చనక్కర లేదు, బల్లను పెంచితే చాలునన్నది మన ఊరి కంప్యూటరుకు పుట్టుకతో వచ్చిన గుణం.

ఆ ఉంగరాలు కరెంటు పోయినా మరచిపోయేవి కావు. 1966లో ఐ.బి.ఎం.లో రాబర్ట్ డెన్నార్డ్ కనిపెట్టిన చిప్ జ్ఞాపకం క్రమంగా వాటి స్థానాన్ని ఆక్రమించినది. 1970లో ఇంటెల్ విక్రయించిన చిప్‌లో 1,024 బిట్లు ఇమిడినవి. ఇది చౌక, వేగం. కాని కరెంటు ఆగితే సర్వం మరచిపోతుంది. అందువల్ల రికార్డు రూము మరింత ముఖ్యమైనది. ఆ రికార్డు రూము 1956లో ఐ.బి.ఎం. తెచ్చిన తిరిగే పళ్లెములది. 24 అంగుళాల పళ్లెములు 50 కలిపితే సుమారు 5 మెగాబైట్లు మాత్రమే. మన పాత లాప్‌టాప్‌లోని హార్డ్ డిస్క్ దాని మనుమడే. నిమిషానికి 5,400 సార్లు తిరుగుతున్నా, ఒక్కొక్క కాగితం వెదకడానికి సెకనులో నూరోవంతు దాటుతుంది.

1980లలో జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా తిరగనక్కరలేని, కరెంటు పోయినా మరవని ఫ్లాష్ చిప్‌ను కనిపెట్టారు. దానితో చేసినదే ఎస్.ఎస్.డి. దీనిలో వెదుకులాట సెకనులో సుమారు పదివేలోవంతు. కనుక పాత లాప్‌టాప్‌లో ముందు మార్చవలసినది హార్డ్ డిస్క్. రెండవది ర్యామ్: 4 గిగాబైట్లుంటే 8 చేయించాలి. టి.డి.సి.-12 తొలి జ్ఞాపకానికి ఇది సుమారు 14 లక్షల రెట్లు!

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల ఈ పని చేసేవారున్నారు. కొత్త యంత్రం ఖరీదులో చిన్న వంతుతో పని పూర్తవుతుంది. అయితే కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీవల్ల 2025 చివర చిప్‌ల ధరలు పెరిగినవి గనుక రెండు మూడు షాపుల్లో విచారించడం మంచిది. డి.డి.ఆర్.3 ర్యామ్ పట్టేచోట డి.డి.ఆర్.4 పట్టదు, పాత ముక్కను వెంట తీసుకొని పోవలెను. ముందుగా ఫైళ్లన్నీ వేరొకచోట నకలు చేసుకోవలెను. విప్పి తీసిన హార్డ్ డిస్క్‌ను షాపులో వదలిరాకూడదు. మన పెన్షను కాగితాలు, ఆధార్, బ్యాంకు వివరాలు అందులోనే ఉంటవి. మామూలుగా చెరిపినంత మాత్రాన అవి పోవు.

పొడిగింపుకు పరిమితులున్నవి. విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో సాధారణంగా ముగిసినవి. చాలా పాత యంత్రాలు విండోస్ 11కు అర్హమైనవి కావు. ర్యామ్ పెంచినా ఆ అర్హత రాదు. అట్టివారు ఉచితంగా దొరికే లినక్స్ వేయించుకొనవచ్చును. తెర పగిలినా, బోర్డు కాలినా సెలవు ఇవ్వడమే మేలు.

ఇక అసలు సంగతి. 2008లో యాపిల్ సంస్థ తెచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ర్యామ్‌ను బోర్డుకే అతికించివేశారు. లాప్‌టాప్‌లు పలచబడేకొద్దీ ఈ పద్ధతి వ్యాపించినది. కొన్న రోజున ఎంత జ్ఞాపకముంటే చివరివరకు అంతే. 1969లో ఇ.సి.ఐ.ఎల్. వెలువరించిన యంత్రానికున్న సౌకర్యం ఈ కొత్త యంత్రాలకు లేదు. వాటి పదవీ విరమణ తేదీని కొనేనాడే వేరెవరో నిర్ణయించి పంపుతున్నారు. పాత లాప్‌టాప్ అడుగున నాలుగు మరలు విప్పితే తెరుచుకొనే ఆ చిన్న మూత విలువ ఇప్పుడు తెలుస్తున్నది.

కనుక సభ్యులకు, వారి పిల్లలకు నా మనవి: పాతదానిని తూకానికి వేసేముందు ఒకసారి మూత తీయించి చూడండి. కొత్తది కొనవలసి వస్తే ధరకంటే ముందు షాపువానిని ఒక్క మాట అడగండి: "దీనిలో రేపు ర్యామ్, డిస్క్ పెంచుకోవచ్చునా?"