రోమక ధర్మశాస్త్రం: రాజ్యం నశించినా నిలిచిన విద్య

రాజదండమే ధర్మానికి ఏకైక ఆధారమైతే, రాజ్యంతోపాటు ధర్మశాస్త్రమూ అంతరించాలి. రోమక న్యాయశాస్త్ర చరిత్ర ఇందుకు విరుద్ధమైన సాక్ష్యం పలుకుతుంది.

పశ్చిమ రోమక సామ్రాజ్యం 476లో పతనమైంది. కాన్‌స్టాంటినోపుల్ నుండి పాలించిన జస్టీనియన్ చక్రవర్తి, ట్రిబోనియన్ అధ్యక్షతన పూర్వ న్యాయవేత్తల వచనాలను 50 కాండలుగా సంకలనం చేయించి, 533లో 'డైజెస్ట్' అనే పేరిట ప్రకటించాడు. పశ్చిమ ఐరోపాలో అది శతాబ్దాలపాటు విస్మృతప్రాయమైంది. క్రీ.శ. 1100 ప్రాంతంలో బొలోన్యా నగరాన ఇర్నేరియస్ దాని అధ్యాపనాన్ని పునరుద్ధరించాడు. ఆయన శిష్యపరంపర మూలగ్రంథపు అంచులలో పదపదానికీ వ్యాఖ్య వ్రాసింది. రమారమి అదే కాలంలో కల్యాణపురంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరా వ్యాఖ్యను రచించాడు. పరస్పర పరిచయం లేకున్నా, ఉభయత్రా శాస్త్రానికి ప్రాణం పోసినది వ్యాఖ్యానమే.

బొలోన్యాలో చదివిన విదేశీ విద్యార్థులు ఆ విద్యను స్వదేశాలకు కొనిపోయారు. స్వామ్యం, ఋణం, ఒడంబడిక వంటి విషయాలలో 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతికీ, 1900లో అమలులోకి వచ్చిన జర్మన్ పౌరస్మృతికీ ఈ పరంపర ఒక ప్రధాన మూలం.

అయితే ఇందులో ఒక అంతర్వైరుధ్యం ఉంది. పరులకు హాని చేయరాదనీ, ఎవరి భాగం వారికి ఈయవలెననీ బోధించిన ఆ శాస్త్రమే దాస్యాన్ని అంగీకరించింది. దాస్యం ప్రకృతివిరుద్ధమని జస్టీనియన్ పాఠ్యగ్రంథమే ఒప్పుకొన్నది! పౌరస్మృతిని రచించుకొన్న ఫ్రాన్సు సైతం తన వలసలలో దాస్యాన్ని 1848లో గాని శాశ్వతంగా రద్దు చేయలేదు. శాస్త్రాధ్యయనంతోపాటు ఆత్మపరీక్ష సాగనిచోట, తెలిసిన సత్యమైనా ఆచరణకు రావడానికి యుగాలు పడుతుంది.