పొదిలో కత్తి, పెట్టెలో బ్లేడు: గడ్డం గీసుకునే పనిముట్ల కథ

గడ్డం గీసుకునే సామాను గురించి ఒక వైద్యుడు రాయవలసిన అవసరమేమిటని కొందరు పాఠకులకు తోచవచ్చు. శస్త్రచికిత్స గది వెలుపల, మనిషి తన చర్మంపై పదునైన ఉక్కును దాదాపు ప్రతిదినం నడిపించే సందర్భం ఇదొక్కటే. ఈమధ్య యువకులు పాత కాలపు సేఫ్టీ రేజరు, బ్రష్షు, సబ్బు వైపు మళ్ళీ చూస్తున్నారు. ఏది కొనాలని అడుగుతున్నారు. ఎవరికి ఏది నప్పుతుందో చెప్పాలంటే ఆ పనిముట్లు ఏ అవసరం కోసం పుట్టాయో ముందు చెప్పుకోవాలి.

సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల పల్లెల్లో కర్మాగారాలు రాకముందు గడ్డం గీయడం ఇంటి పని కాదు. వేపచెట్టు కింద, రచ్చబండ పక్కన, క్షురక వృత్తివారు తమ పొది విప్పి కూర్చునేవారు. ఆ పొదిలో మడత కత్తి, కత్తెర, గోరుగల్లు, సానరాయి, తోలుపట్టా, చిన్న గిన్నె, అద్దం ఉండేవి. చెల్లింపు రోజువారీ డబ్బుగా కాక, కల్లం దగ్గర గింజల మేరగా ముట్టేది. నిజాం కాలంలో దొరల గడీలకు ఇదే పనిని వెట్టిగా చేయవలసి వచ్చేదన్న సంగతిని మరువరాదు. నేడు నాయీబ్రాహ్మణులుగా పిలవబడుతున్న ఈ వృత్తివారు కేవలం క్షురకులు కారు. సెగ్గడ్డలు కోసేవారు, పుండ్లకు కట్లు కట్టేవారు, మంగళవాద్యం వాయించేవారు. ఎన్నో ఊళ్ళలో వారి ఇంటి స్త్రీలే మంత్రసానులు. ఐరోపాలో కూడా ఇంతే. ఫ్రాన్సు రాజులకు శస్త్రవైద్యం చేసిన ఆంబ్రోజ్ పారే క్షురక వృత్తి నుంచే వచ్చాడు. లండనులో 1540లో ఒకే సంఘంగా కలిసిన క్షురకులు, శస్త్రవైద్యులు 1745లో గాని విడిపోలేదు. శస్త్రవైద్యులమని గర్వపడే మా మిత్రులకు ఈ మాట గుర్తుచేయడం నాకు ఇష్టమైన అలవాటు.

ఆ మడత కత్తిలో ఒక చిక్కు ఉండేది. కత్తి ఒక్కటే, ముఖాలు ఎన్నో. ఒకరి గడ్డం గీసిన తరువాత సానపట్టి, తోలుపట్టా మీద తీడితే కత్తి మెరిసేది గాని, దానికి అంటిన సూక్ష్మజీవులు పోయేవి కావు. గడ్డం కుదుళ్ళలో చీము పొక్కులు, గడ్డానికి సోకే తామర ఆ దారిన ఊరంతా తిరిగేవి. పైగా ఆ కత్తి వాడటానికి చేయి తిరిగినతనం కావాలి. సామాన్యుడు దానిని తన గొంతు మీద తానే పెట్టుకునే సాహసం చేయలేడు.

ఈ రెండు చిక్కులనూ ఒక్కసారిగా విప్పినవాడు కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే అమెరికన్ వ్యాపారి. కత్తి అంచుకు కాపు కట్టాలన్న ఆలోచన ఫ్రాన్సులో 18వ శతాబ్దంలోనే ఉంది. 1880లో కాంఫె సోదరులు అటువంటి రేజరు చేశారు కూడా. కాని అందులోని బ్లేడును మళ్ళీ మళ్ళీ సానపట్టుకోవలసిందే. అరిగిపోతే పారవేసేటంత చవకైన పలుచని బ్లేడు కావాలన్నది జిల్లెట్ ఆలోచన. అంత పలుచని ఉక్కుకు పదును నిలవదని నిపుణులు చెప్పారట. విలియం నికర్సన్ అనే ఇంజనీరు దానిని సాధ్యం చేసి చూపాడు. అమ్మకం మొదలైన 1903లో ఏడాదంతా కలిపి అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. పేటెంటు 1904లో వచ్చింది. తరువాతి సంగతి ప్రపంచానికి తెలిసినదే. మన ఇళ్ళలో తాతల పెట్టెల్లో దొరికే మూడు ముక్కల రేజరు, పిడి, అడుగు పలక, పై మూత, ఆ నమూనాయే.

ఆ రేజరును ఇంటింటికీ చేర్చింది ప్రకటన కాదు, యుద్ధం. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును వదిలింది. తరువాత వచ్చిన ముసుగులు ముఖానికి గట్టిగా అతుక్కోవాలంటే గడ్డం ఉండరాదు. 1918లో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లు, 3 కోట్ల 20 లక్షల బ్లేడ్లు కొన్నది. యుద్ధం ముగిసి ఇళ్ళకు చేరినవారు ఆ అలవాటును కూడా వెంట తెచ్చుకున్నారు.

ఇది పాత కథగా తోచవచ్చు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం ప్రాంతాల్లో రసాయన, ఔషధ పరిశ్రమల్లో పనిచేసేవారికి మాత్రం ఇది నేటి కథ. ద్రావకాల ఆవిర్లు, ఆమ్లాల పొగలు ఉన్నచోట ధరించే బిగుతైన రబ్బరు ముసుగు, ముఖానికి అంటుకునే అంచు వెంబడి రెండు రోజుల గడ్డం ఉన్నా సరిగా కూర్చోదు. వెంట్రుకల సందుల నుంచి గాలి వడపోత లేకుండానే లోపలికి పోతుంది. ముసుగు వేసుకున్నామన్న ధైర్యం మాత్రం మిగులుతుంది. మీసం అంచు కిందికి రానంతవరకు ఫరవాలేదు. మతాచారం వల్లనో, చర్మవ్యాధి వల్లనో గడ్డం తీయలేనివారికి, తల మొత్తాన్ని కప్పి మోటారుతో శుభ్రమైన గాలి పంపే వదులు ముసుగులు ఉన్నాయి. వాటిని యాజమాన్యాన్ని అడిగి పుచ్చుకోవాలి. మరొక మాట. అప్పుడే గీసిన చర్మం పై పొర కొంత లేచి ఉంటుంది. దాని మీద ద్రావకాలు, క్రోమియం లవణాలు పడితే మంట, దురద ఎక్కువ. ఉదయం పాళీకి పోయేవారు ముందురాత్రి గడ్డం గీసుకుంటే చర్మానికి కోలుకునే వ్యవధి దొరుకుతుంది.

బ్రష్షుకూ ఒక చీకటి అధ్యాయం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఐరోపా నుంచి వచ్చే మంచి వెంట్రుకలు కరవై, తూర్పు ఆసియా నుంచి తెచ్చిన గుర్రపు వెంట్రుకలతో చవక బ్రష్షులు చేశారు. వాటిని సరిగా శుద్ధి చేయనందువల్ల ఇంగ్లండు, అమెరికాల్లో కొందరు సైనికులకు, పౌరులకు ముఖం మీద, మెడ మీద ఆంత్రాక్స్ సోకింది. మన గొర్రెల కాపరులు దొమ్మరోగమని పిలిచేది దానినే. కొందరు చనిపోయారు కూడా. దాని తరువాతనే బ్రష్షు వెంట్రుకలను శుద్ధి చేయాలన్న నిబంధనలు బిగిశాయి. నేటి పేరున్న బ్రష్షుల విషయంలో ఆ భయం అక్కరలేదు. అయినా నన్నడిగితే కృత్రిమ నారతో చేసినదే మేలంటాను. అది త్వరగా ఆరుతుంది, వాసన రాదు, ధర తక్కువ. పంది వెంట్రుకల బ్రష్షు గరుకుగా ఉండి మందపు గడ్డాన్ని బాగా లేపుతుంది. బాడ్జర్ అనే జంతువు వెంట్రుకలది మెత్తనిది, ఖరీదైనది. ఏదైనా వాడిన తరువాత బాగా కడిగి, నీరు విదిల్చి, గాలి తగిలేచోట ఆరనివ్వాలి. గిన్నెలో నానబెట్టి మరచిపోరాదు.

మన దేశంలో బ్లేడ్ల కథ మల్హోత్రా కుటుంబంతో ముడిపడి ఉంది. కలకత్తా కేంద్రంగా హర్బన్స్‌లాల్ మల్హోత్రా సంస్థ భరత్, అశోక్, టోపాజ్ బ్లేడ్లతో దశాబ్దాల పాటు ఈ వ్యాపారాన్ని ఏలింది. మొదటి తరం బ్లేడ్లు కార్బన్ ఉక్కువి. పదును బాగుండేది గాని తడి తగిలితే మరునాటికే తుప్పు. 1960ల ఆరంభంలో ఇంగ్లండుకు చెందిన విల్కిన్సన్ స్వోర్డ్ సంస్థ తుప్పుపట్టని ఉక్కుతో బ్లేడును తెచ్చిన తరువాత లోకమంతా ఆ దారి పట్టింది. జిల్లెట్ 1984లో ఒక భారతీయ కుటుంబంతో కలిసి ఇండియన్ షేవింగ్ ప్రోడక్ట్స్ అనే సంస్థను నెలకొల్పి, రాజస్థాన్‌లోని భివాడీలో సెవెన్ ఓ క్లాక్ బ్లేడ్లు తయారుచేసింది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తాను. అమెరికన్ శాస్త్రవేత్త బరూక్ బ్లంబర్గ్ 1960లలో హెపటైటిస్ బి వైరస్ జాడ కనిపెట్టి, 1976లో నోబెల్ బహుమతి పొందాడు. ఈ వైరస్ శరీరం వెలుపల, ఎండిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. కంటికి కనిపించని రక్తపు తునక చాలు. ఒకే బ్లేడు ఇద్దరి ముఖాల మీద నడిస్తే ప్రమాదం ఎంతటిదో ఊహించండి. హెచ్.ఐ.వి. ఈ దారిన సోకే అవకాశం బహు స్వల్పం. హెపటైటిస్ బి, సి విషయం అటువంటిది కాదు. ఎన్నో ఏళ్ళ తరువాత కాలేయం గట్టిపడి వచ్చిన రోగిని ఎప్పుడు సోకిందని అడిగితే చెప్పలేడు. డెట్టాల్ నీళ్ళలో ముంచడం, పటికతో తుడవడం ఈ వైరస్‌కు చాలవు. మన సెలూన్లలో బ్లేడును సగానికి విరిచి పిడిలో అమర్చే పద్ధతి వచ్చి పెద్ద మేలు చేసింది. తిరుమల కల్యాణకట్టలో భక్తునికి కొత్త బ్లేడు వాడటం కూడా ఇటువంటి మేలే. సెలూనులో కూర్చున్నప్పుడు కొత్త బ్లేడు మీ కళ్ళముందే కాగితం విప్పి పెట్టించుకోండి. అలా అడగడం ఆ వృత్తివారిని అవమానించడం కాదు. చేతికి గాటు పడితే మొదట ప్రమాదంలో పడేది వారే.

ఈ విషయంలో మనవారు గర్వించదగిన ఘట్టం ఒకటుంది. విదేశీ టీకా సామాన్యునికి అందని ధరలో ఉన్న రోజుల్లో, హైదరాబాదులో వరప్రసాద రెడ్డి గారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో శాన్వాక్-బి టీకాను విడుదల చేసింది. జన్యుసాంకేతికతతో దేశంలో తయారైన తొలి హెపటైటిస్ బి టీకా అదే. శిశువుల టీకా కార్యక్రమంలో ఇది దేశమంతటా చేరినది 2011 ప్రాంతంలో. అంటే నేడు పాశమైలారంలో పాళీల మీద పనిచేస్తూ ఒకే గదిలో ఐదారుగురు సర్దుకుంటున్న యువకులలో అనేకులకు చిన్ననాడు ఇది పడి ఉండదు. మొదటి మోతాదు, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది వేయించుకోవాలి. గదిలో సబ్బు పంచుకున్నా ఫరవాలేదు, రేజరు మాత్రం పంచుకోరాదు.

పనిముట్టు ఎంపికలో నీటి పాత్రను చాలామంది పట్టించుకోరు. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే సబ్బు నురుగు రాక తెల్లని తెట్టెగా మారుతుంది. నురుగు లేనిచోట బ్లేడు చర్మాన్ని చెక్కుతుంది. తప్పు సబ్బుదో, బ్లేడుదో అనుకుని మార్చుతూ పోతారు. మంజీరా నీరు వచ్చే ఇళ్ళలో అదే సబ్బు పొంగిపొరలుతుంది. బోరు నీరే గతి అయితే ఒక గిన్నెడు వానాకాలపు నీరో, తాగేందుకు వడపోసిన నీరో దీనికోసం తీసుకోండి. లేదా సబ్బుకు బదులు క్రీము వాడండి.

గిన్నెడు నీరన్న మాటకు ఒక కథ ఉంది. జిల్లెట్ సంస్థ 2002లో భారతదేశం కోసం వెక్టర్ అనే రేజరును రూపొందించి, అమెరికాలో ఎం.ఐ.టి.లో చదువుతున్న భారతీయ విద్యార్థులతో పరీక్ష చేయించింది. వారికి నచ్చింది. ఇక్కడికి వస్తే విఫలమైంది. అక్కడ వారికి కుళాయి ధారగా నీరుంది. ఇక్కడ నేల మీద కూర్చుని, చిన్న అద్దం ముందు, ఒక కప్పు నీటితో గీసుకునేవారికి బ్లేడ్ల మధ్య వెంట్రుకలు ఇరుక్కుని కదలలేదు. తరువాత మన ఇళ్ళలో కూర్చుని చూసి, 2010లో ఒకే బ్లేడుతో, 15 రూపాయలకు గార్డ్ రేజరు తెచ్చారు.

మూడు, ఐదు బ్లేడ్ల తలలు అందరికీ మంచివి కావనడానికి వైద్యకారణం కూడా ఉంది. మొదటి బ్లేడు వెంట్రుకను లాగి పట్టగా తరువాతిది చర్మమట్టానికి దిగువన కోస్తుంది. ఉంగరాల వెంట్రుక ఉన్నవారిలో ఆ కొస లోపలికే తిరిగి మొలిచి పొక్కులు కడుతుంది. మెడ మీద ఎప్పుడూ పొక్కులు వచ్చేవారికి రెండంచుల బ్లేడు వేసే సేఫ్టీ రేజరే నప్పుతుంది. తొలిసారి కొనేవారు దువ్వెన పళ్ళు లేని, అంచు మూసి ఉన్న నమూనా తీసుకోవాలి. పళ్ళు తెరిచి ఉన్నది వారానికొకసారి గీసుకునే దట్టమైన గడ్డానికి. బరువైన రేజరు మేలు, ఒత్తిడి మీ చేయి పెట్టనక్కరలేదు. గోరువెచ్చని నీటితో రెండు నిమిషాలు తడిపి, బ్లేడును సుమారు 30 డిగ్రీల వాలులో, వెంట్రుక మొలిచిన దిశలోనే నడపాలి. బ్లేడు రకాలు చిన్న ప్యాకెట్లుగా నాలుగైదు తెచ్చి ఒక్కొక్కటి వారం చూడండి. మిత్రుడికి నప్పినది మీకు నప్పాలని లేదు. లాగినట్టనిపించగానే మార్చాలి.

చేయి వణికేవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఈ సరదా జోలికి పోక విద్యుత్ షేవరు వాడటం క్షేమం. మధుమేహులు పొక్కుల మీదుగా బ్లేడు నడపరాదు. చిన్న గాటుకు పటిక చాలు, రక్తనాళాన్ని ముడిచి నెత్తురు ఆపుతుంది. కాని పటిక ముక్క కూడా ఎవరిది వారికే ఉండాలి.

వాడిన బ్లేడును చెత్తబుట్టలో పడవేయకండి. ఒక పాత రేకు డబ్బా మూతకు సన్నని చీలిక కోసి, మూతను గట్టిగా బిగించి, అందులో వేస్తూ ఉండండి. రెండంచుల బ్లేడు చాలా పలుచన గనుక ఆ డబ్బా నిండటానికి ఏళ్ళు పడుతుంది. నిండిన నాడు మూత మీద ‘బ్లేడ్లు’ అని రాసి, విడిగా పారిశుధ్య కార్మికుని చేతికివ్వండి.