పక్షవాతం విధివ్రాత కాదని తేలిన వైనం

మన సభ్యులు ఏ ఇద్దరు కలిసినా ముందు డి.ఏ. బకాయిల సంగతి, తరువాత పిల్లల సంగతి, ఆ పైన బి.పి. సంగతి మాట్లాడుకోవడం పరిపాటి. "నాకు పైది నూట డెబ్భై ఉంది, ఈ వయసుకి అది మామూలే లెండి" అనే మాట కూడా తరచు వినబడుతూ ఉంటుంది. ఈ "మామూలే" అన్న మాటకు పెద్ద చరిత్రే ఉన్నది. ఒకప్పుడు పేరుమోసిన వైద్యులు సైతం ఆ మాటే అన్నారు. అది పొరపాటని రుజువు కావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. ఆ వృత్తాంతాన్ని సోదర పెన్షనర్ల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పక్షవాతం కొత్త జబ్బు కాదు. గ్రీకు వైద్యులు దీనికి "దెబ్బ తిని కూలిపోవడం" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మన ఆయుర్వేదం వాత రోగాలలో చేర్చి పక్షాఘాతం అన్నది. పల్లెల్లో నేటికీ "గాలి సోకింది" అంటారు. అసలు కారణం మెదడులోని రక్తనాళాలలో ఉన్నదని 1658లో స్విట్జర్లాండుకు చెందిన యోహాన్ యాకోబ్ వెప్ఫర్ అనే వైద్యుడు చూపించాడు. ఈ జబ్బుతో చనిపోయిన వారి మెదడును పరీక్షించి, అందులో రక్తస్రావం జరిగిందని ఆయన గ్రంథస్థం చేశాడు. అయితే నాళం ఎందుకు చిట్లుతుంది, ఎందుకు మూసుకుపోతుంది అన్న ప్రశ్నకు మాత్రం చాలా కాలం జవాబు దొరకలేదు.

1896లో ఇటలీకి చెందిన రివా-రోచి చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే పరికరాన్ని తయారు చేశాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ స్టెతస్కోపుతో శబ్దాలు విని పై అంకె, క్రింది అంకె తెలుసుకునే పద్ధతి చెప్పాడు. నేటికీ డాక్టరుగారు మన చేతికి పట్టీ కట్టి, స్టెతస్కోపు ఆనించి చూసే పద్ధతి అదే. కొలవడం వచ్చింది కాని, ఆ కొలతకు అర్థం తెలియలేదు. వయసుతో నాళాలు గట్టిపడతాయి కనుక రక్తం ముందుకు సాగడానికి ఒత్తిడి ఎక్కువ కావలసిందేననీ, దాన్ని తగ్గిస్తే మెదడుకూ మూత్రపిండాలకూ చేటు కలుగుతుందనీ అప్పటి పెద్దలలో చాలామంది నమ్మారు. వయసుకు నూరు కలిపితే ఎంతో, అంత పై అంకె ఉండవచ్చునన్న లెక్క అప్పుడు పుట్టినదే.

ఆ నమ్మకం ఎంత ఖరీదైనదో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ విషయంలో లోకానికి తెలిసింది. 1944 మార్చిలో డాక్టర్ హోవర్డ్ బ్రూయెన్ ఆయనను పరీక్షించినప్పుడు రక్తపోటు 186/108. గుండె అప్పటికే నీరసించింది. ఉప్పు తగ్గించండి, విశ్రాంతి తీసుకోండి, సిగరెట్లు తగ్గించండి అని చెప్పగలిగారే కాని, పోటును నిలకడగా దించే మందు వైద్యుల వద్ద లేదు. 1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లో చిత్రకారిణి ముందు కూర్చుని ఉండగా, తల వెనుక భాగంలో భరించరాని నొప్పి అంటూ ఆయన కూలిపోయాడు. అప్పుడు రక్తపోటు 300/190. మెదడులో రక్తస్రావంతో కొద్ది గంటలలోనే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 63 ఏళ్లు. ప్రపంచ యుద్ధాన్ని నడిపిన దేశాధినేతకే ఆనాడు వైద్యం లేకపోయింది. ఈనాడు మనలో ఎవరికైనా మాత్ర మందుల షాపులో దొరుకుతున్నది.

1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హాం అనే చిన్న పట్టణంలో ఒక పెద్ద పరిశోధన మొదలయింది. 5,209 మంది స్త్రీ పురుషులను ఎంపిక చేసి, రెండేళ్లకు ఒకసారి పరీక్షిస్తూ, ఎవరికి ఏ జబ్బు వస్తున్నదీ ఏళ్ల తరబడి రాసుకుంటూ వచ్చారు. మన ఆఫీసుల్లో సర్వీసు రిజిస్టరు రాసినట్లన్న మాట! రక్తపోటు పెరిగిన కొద్దీ పక్షవాతం ముప్పు పెరుగుతుందనీ, పై అంకె పెరగడం వృద్ధులకు కూడా మామూలు కాదనీ ఆ రిజిస్టరు తేల్చి చెప్పింది.

మరి పోటు తగ్గిస్తే ముప్పు తగ్గుతుందా? ఇక్కడ మన దేశం ప్రస్తావన రావాలి. మన వైద్యంలో తరతరాలుగా వాడిన సర్పగంధి వేరు రక్తపోటును తగ్గిస్తుందని భారతీయ వైద్యులు 1931లోనే రాశారు. బొంబాయికి చెందిన డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ తన రోగులలో చూసిన ఫలితాలను 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించేసరికి ప్రపంచం దృష్టి ఇటు మళ్లింది. 1952లో ఆ వేరు నుండి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. అమెరికాలో డాక్టర్ ఎడ్వర్డ్ ఫ్రైస్ మాజీ సైనికుల మీద జరిపిన ప్రసిద్ధ పరిశోధనలో వాడిన మూడు మందులలో ఈ రిసర్పిన్ ఒకటి.

ఆ పరిశోధన ఫలితం 1967లో వచ్చింది. క్రింది అంకె 115 నుండి 129 వరకు ఉన్న 143 మందిలో సగం మందికి మందులు, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. తీవ్రమైన ఉపద్రవాలు ఉత్తుత్తి మాత్రల వారిలో 27, మందులు వాడినవారిలో 2 మాత్రమే. 1970లో ఇంకొంచెం తక్కువ పోటు ఉన్న 380 మంది ఫలితాలు వచ్చాయి. పక్షవాతం మందులు లేనివారిలో 20 మందికి రాగా, మందులు వాడినవారిలో 5 మందికే వచ్చింది. నాళాలకు ఎక్కువ పోటు అవసరమన్న వాదం అంతటితో నీరుకారిపోయింది.

అయినా ముసలివారి సంగతి మిగిలిపోయింది. 1991లో అరవై ఏళ్లు పైబడిన 4,736 మందిపై జరిగిన పరిశోధన ప్రకటితమయింది. వీరందరికీ పై అంకె మాత్రమే ఎక్కువ. చవకైన నీటిమాత్రతో మొదలుపెట్టి ఇచ్చిన చికిత్స వల్ల పక్షవాతం 36 శాతం తగ్గింది. 2008లో ఎనభై దాటినవారిలో సైతం చికిత్స వల్ల మొత్తం మరణాలు 21 శాతం తగ్గినట్లు వెల్లడయింది. కాబట్టి "ఈ వయసులో ఇక మందులెందుకు" అన్న మాటకు కూడా కాలం చెల్లింది.

ఉప్పు సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. జపానులో 1951 నుండి 1980 వరకు మరణాలకు మొదటి కారణం పక్షవాతమే. ఉత్తరాన అకితా ప్రాంతంలో చలికాలమంతా ఉప్పులో ఊరవేసిన కూరలే ఆహారం, జబ్బు కూడా అక్కడే మెండు. ఊరూరా రక్తపోటు పరీక్షలు జరిపి, ఉప్పు తగ్గించమని ప్రచారం చేసి, మందులు అందించాక మరణాలు బాగా తగ్గాయి. ఆవకాయ, ఊరమిరపకాయ, అప్పడం లేనిదే ముద్ద దిగని మనకు ఇది వర్తించదని అనగలమా?

జబ్బు వచ్చాక చేసే చికిత్సలోనూ గొప్ప మార్పు వచ్చింది. 1971లో లండను నగరంలో మొట్టమొదటి రోగికి సి.టి. స్కాన్ తీశారు. నాళం చిట్లిందా, గడ్డ అడ్డుపడిందా అన్నది బ్రతికి ఉన్న మనిషిలోనే తెలుసుకోవడం అప్పటి నుండి సాధ్యమయింది. 1995లో అమెరికాలో 624 మందిపై జరిగిన పరిశోధనలో, గడ్డను కరిగించే ఇంజెక్షను మూడు గంటలలోపు ఇస్తే మూడు నెలల తరువాత దాదాపు పూర్తిగా కోలుకున్నవారు 39 శాతం, ఇవ్వనివారిలో 26 శాతం అని తేలింది. మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదమూ కొందరికి ఉన్నది కనుకనే ముందు స్కాన్ తప్పనిసరి. 2008లో ఈ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. 2015లో గొట్టం పంపి గడ్డను బయటకు లాగే పద్ధతి కూడా రుజువయింది. ఏదైనా గంటల లెక్కే, రోజుల లెక్క కాదు.

ఆ పైన కోలుకోవడం ఓపిక మీద ఆధారపడిన పని. ఫ్రాన్సు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్‌కు 1868లో నలభై అయిదవ ఏట పక్షవాతం వచ్చి ఎడమ వైపు దెబ్బతిన్నది. పిచ్చికుక్క కాటుకు టీకాను ఆయన మనుషులకు మొదటిసారి ఇచ్చింది ఆ తరువాతే, 1885లో. వ్యాయామ చికిత్స తెలిసినవారి పర్యవేక్షణలో జరగడం మేలు. మన దేశంలో 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులకు ఇంటివారి చేతనే వ్యాయామం చేయించి చూసిన పరిశోధన ఫలితం 2017లో వచ్చింది. ఇంటివారి ఆ సేవ వల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు. అందుచేత నిపుణుల సాయం మానుకోరాదు.

నాతో పాతికేళ్లు పని చేసిన మిత్రుడొకరు పోటు మామూలుకు వచ్చిందని మాత్రలు మానేశారు. ఒక ఉదయం చేతిలోని కాఫీ గ్లాసు జారిపోయింది, మూతి వంకరపోయింది, మాట ముద్దగా వచ్చింది. గాలి సోకిందని ఇంటివారు పావురం రక్తం పూసి సాయంత్రం దాకా చూశారు. ఆసుపత్రికి చేరేసరికి గడువు దాటిపోయింది. ఫైలు మీద ఆయన సంతకం ముత్యాల కోవలా ఉండేది. ఇప్పుడు ఏటా జీవన ధృవీకరణ పత్రంపై వేలిముద్ర వేస్తున్నారు. నేనే సాక్షి సంతకం చేస్తున్నాను.

మూతి వంకర, చేయి నీరసం, మాట తడబాటు - ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. మాత్ర మానాలన్నా, మార్చాలన్నా డాక్టరునే అడగాలి. ఈ సంచిక చదివి ప్రక్కన పెట్టే ముందు, ఈ నాలుగు మాటలూ ఇంట్లోవారికి కూడా చదివి వినిపించవలసిందిగా నా మనవి. ఎందుకంటే ఆ వేళ మనం చెప్పలేకపోవచ్చు.