తాళపత్రమునుండి చేతిపలకవఱకు

తాటాకునుండి కాగితమునకును, కాగితమునుండి ముద్రాక్షరమునకును మన గ్రంథములు మాఱిన ప్రతిపర్యాయమును లేఖకదోషములు పుట్టుచునే వచ్చినవి. నేఁడు మఱియొక మార్పు నడచుచున్నది. ముద్రితపుటల చిత్రములు ఈ-రీడరను చేతిపలకకుఁ దగినట్లు మార్పఁబడుచున్నవి. ఇందు మన పాఠములకుఁ గలుగు లాభహానుల నించుక విచారింతము.

నాఁటి చిత్తూరుజిల్లా కాటూరునఁ బుట్టిన రాజ్ రెడ్డిగారు పూనిన 'మిలియన్ బుక్స్' ప్రయత్నమునకు శాఖయే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఈ శతాబ్ది తొలిదశకమున హైదరాబాదు ట్రిపుల్ ఐటీ యందుఁ బాలుగొనెను. 1891లో ఆసఫియాగ్రంథాలయముగా వెలసిన రాష్ట్ర కేంద్రగ్రంథాలయములోని తెలుఁగుపుస్తకములు పెక్కులు పుటపుటగాఁ జిత్రములైనవి. అందుచే నగరమునకుత్తరముననున్న మేడ్చలు, శామీరుపేటల బడిపంతులును దుర్లభగ్రంథములను నింటనే చూడఁగలుగుచున్నాఁడు.

చూచుట వేఱు, సుఖముగాఁ జదువుట వేఱు. అడోబీసంస్థ 1993లో వెలువరించిన పీడీఎఫ్ పుటరూపమును జెక్కుచెదరకుండఁ గాపాడుటకై పుట్టినది. డెమ్మీపుట యెత్తు సుమారు 8½ అంగుళములు. మూలనుండి మూలకు 6 అంగుళములున్న పలకయెత్తు 5 అంగుళములకు లోఁబడియే యుండును. పుట యంతయు నందిమిడ్చినచో నక్షరము సగమునకుఁ దగ్గఱగాఁ గుదించుకొని పోవును. వత్తులు కంటి కానవు.

దీనికి రెండు మార్గములు కలవు. అంచులు కత్తిరించి, పదములను జిత్రఖండములుగా విడఁదీసి, చిన్నపంక్తులుగాఁ బేర్చుట మొదటిది. కే2పీడీఎఫ్ఆప్ట్ అను సాధనము చేయునది యిదియే. ఇందక్షరము మాఱదు; కాని పదమును వెదకుటకు వీలులేదు. యంత్రముచేతఁ జిత్రములోని యక్షరములను గుర్తింపించి, 2007లో నేర్పడిన ఈపబ్ రూపమున నిలుపుట రెండవది. ఇందక్షరమును గోరినంత పెంచుకొనవచ్చును, వెదకవచ్చును. కాని థకారధకారముల భేదము నడిమిచుక్క మాత్రమే; అది మాసినచో 'అర్థము' 'అర్ధము'గును. అరసున్న జాఱినచో సంవత్సరవాచకమగు 'ఏఁడు' సంఖ్యావాచకమగు 'ఏడు'గును.

పుట్టుకతోనే పీడీఎఫ్‌లైన పుస్తకములకు వేఱొక చిక్కు కలదు. యూనికోడున 1991లోనే తెలుఁగునకు స్థానము కలిగినను, అనువంటి పాతఖతులతోఁ గూర్చిన పుస్తకములు పెక్కులు గలవు. అవి కంటికిఁ దెలుఁగే. పాఠమును వెలికిఁ దీసినచో నర్థములేని రోమనక్షరములు వచ్చును. వానిని ముందు యూనికోడులోనికి మార్చినఁగాని పని సాగదు.

సి. పి. బ్రౌను (1798–1884) కడపలోఁ బండితులను నియమించి, తాళపత్రప్రతులను గాగితములపై వ్రాయించి, పాఠములను బోల్చి సవరింపఁజేసెను. నేఁడు తెలుఁగు వికీసోర్సునందును బుటచిత్రము ప్రక్కనే పాఠము నుంచి, ఒకరు దిద్దినదానిని వేఱొకరు సరిచూచుచున్నారు. సాధనములు మాఱినను ధర్మము మాఱలేదు.

కావున విశ్రాంతిగాఁ జదువుకొనువారి కే మార్గమైనను జాలును. పాఠనిర్ణయము చేయువారు మాత్రము మూలపుటచిత్రమును విడువరాదు. మార్చినప్రతి చదువుటకుఁ గాని, సాక్ష్యమునకుఁ గాదు. చిత్రము నిలిచియున్నంతకాలము తప్పు దిద్దుకొనవచ్చును. అది పోయిననాఁడు తప్పే పాఠమై నిలుచును.