పసిపిల్లలపై అఘాయిత్యాలు: కఠిన శిక్ష సరే, బాధిత కుటుంబానికి దక్కాల్సింది ఏమిటి?

పసిబిడ్డపై అఘాయిత్యం జరిగిన ప్రతిసారీ మొదట వినపడే డిమాండ్ ఉరిశిక్ష. ఆ కోపం న్యాయమైనదే. కానీ కఠిన శిక్ష ఇప్పటికే చట్టంలో ఉంది. కొడిమ్యాల లాంటి మండలంలో ఒక దళిత కుటుంబం కేసు పెడితే, నేరస్తుడికి ఆ శిక్ష పడుతుందా, కుటుంబం ఊళ్లో తలెత్తుకుని బతుకుతుందా అన్నది చాలావరకు మొదటి కొన్ని వారాల్లోనే తేలిపోతుంది. అది స్టేషన్లో రాసే కాగితాలపైనా, జగిత్యాల కలెక్టరేట్లో కదిలే ఫైలుపైనా ఆధారపడి ఉంటుంది.

2012 నాటి పోక్సో చట్టాన్ని 2019 ఆగస్టులో సవరించారు. 12 ఏళ్లలోపు పిల్లలపై అత్యాచారం వంటి తీవ్ర నేరాలకు కనీస శిక్ష 10 ఏళ్ల నుంచి 20 ఏళ్లకు పెరిగింది. గరిష్ఠ శిక్ష మరణదండన. ఆ సవరణ అమల్లోకి రాకముందే, హన్మకొండలో 9 నెలల పాపపై అత్యాచారం చేసి చంపిన కేసులో వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. నేరం 2019 జూన్‌లో జరిగితే తీర్పు ఆగస్టు 8న వచ్చింది. నవంబరులో హైకోర్టు దాన్ని చివరి శ్వాస వరకు జైలుగా మార్చింది. దర్యాప్తు, విచారణ, తీర్పు రెండు నెలల్లో ముగించడం సాధ్యమేనని ఆ కేసు చూపించింది. జనం రోడ్డెక్కని కేసులకు ఆ వేగం ఎందుకు రాదు?

బాధితురాలు దళిత బిడ్డ అయినప్పుడు పోక్సో ఒక్కటే పెడితే సగం పనే అయినట్టు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(2)(వి) ప్రకారం, పదేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడే నేరం దళితులపై జరిగితే యావజ్జీవ శిక్ష. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ సెక్షన్ శిక్షాస్మృతి నేరాలనే చెబుతుంది, పోక్సోను కాదు. కాబట్టి బాలిక వయసు 16 లోపు అయితే ఎఫ్ఐఆర్‌లో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 65 కూడా పడిందో లేదో చూసుకోవాలి.

రెండో మెలిక కులం. ఆంధ్రప్రదేశ్‌లో చూపులేని ఒక దళిత యువతిపై 2011లో జరిగిన అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 27న తీర్పు చెప్పింది. అత్యాచారానికి యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది, అట్రాసిటీ సెక్షన్ కింద శిక్షను మాత్రం కొట్టేసింది. కులం కారణంగానే నేరం జరిగిందనడానికి సాక్ష్యం లేదంది. అది పాత చట్టం కింద వచ్చిన కేసు. 2016 జనవరి 26 నుంచి బాధితురాలు ఎస్సీ అని తెలిసి చేస్తే చాలు. పైగా నిందితుడికి ఆమెతోగానీ కుటుంబంతోగానీ పరిచయం ఉంటే, కులం తెలుసనే కోర్టు భావించాలి. తెలియదని నిరూపించుకోవాల్సింది అతనే. ఎవరి ఇల్లు ఏ వాడలో ఉందో అందరికీ తెలిసిన పల్లెలో ఇది కష్టమైన రుజువు కాదు. కానీ ఆ పరిచయం సంగతి తొలి వాంగ్మూలంలోనే రాయించాలి, కుల ధ్రువీకరణ పత్రం జత చేయించాలి.

ఇక కుటుంబం సంగతి. నాయకులు ఫొటోల ముందు ఇచ్చే చెక్కు దయ. 2016 నియమాలు చెప్పేది హక్కు. అత్యాచారానికి 5 లక్షలు, సామూహిక అత్యాచారానికి 8.25 లక్షల రూపాయలు. వైద్య పరీక్ష, నివేదిక తర్వాత సగం, చార్జిషీట్ వేశాక పావు, కింది కోర్టులో విచారణ ముగిశాక మిగతా పావు ఇవ్వాలి. శిక్ష పడితేనే చివరి విడత అని అందులో లేదు. తక్షణ సాయం 7 రోజుల్లో అందాలి. హత్య జరిగితే 8.25 లక్షలతో పాటు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, సాగుభూమి, ఇల్లు, ఆధారపడినవారికి నెలకు 5,000 పింఛను, దానిపై కరువు భత్యం అని నియమాల్లో ఉంది. పింఛను దగ్గరే పేచీ వస్తుంది. చట్టంలో ఆధారితులంటే చనిపోయినవారి సంపాదన మీద బతికేవాళ్లు. ఆరేళ్ల పాప మీద ఆధారపడి బతికే అమ్మానాన్నలు ఎక్కడుంటారు? పిల్లలు బలైన కేసుల కోసం ఈ నియమాన్ని మార్చమని అడగాలి.

డబ్బు కంటే ఎక్కువ మర్యాద సెక్షన్ 15ఏలో ఉంది. నిందితుడి బెయిలు విచారణకు కుటుంబానికి ముందుగా నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి. ఇది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఒక రాజస్థాన్ కేసులో తేల్చి చెప్పి, దళిత కుటుంబానికి చెప్పకుండా ఇచ్చిన బెయిలును రద్దు చేసింది. కోర్టుకు వెళ్లొచ్చే ఖర్చులు, సంఘాల సాయం తీసుకునే హక్కు కూడా ఇదే సెక్షన్ ఇస్తుంది.

పెద్దమనుషుల రాజీ మరో ముప్పు. రాజస్థాన్‌లోనే ఒక మైనర్ దళిత విద్యార్థినిని టీచర్ వేధించిన కేసులో, తండ్రితో రాజీ అయిందని హైకోర్టు ఎఫ్ఐఆర్ కొట్టేసింది. ఆ కుటుంబం కాదు, స్థానికులే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 నవంబరు 7న కోర్టు ఆ ఎఫ్ఐఆర్‌ను తిరిగి బతికించింది. ఇలాంటి నేరం ఇద్దరి మధ్య గొడవ కాదంది. కుటుంబం భయపడి వెనక్కి తగ్గినచోట సంఘాలు ఏం చేయవచ్చో ఈ కేసు చెబుతోంది.

మనవైపు నుంచీ ఒక తప్పు జరుగుతోంది. కొవ్వొత్తుల ర్యాలీ ఫ్లెక్సీ మీద పాప ఫొటో వేస్తున్నాం, వాట్సాప్‌లో పేరు, ఊరు పంపుతున్నాం. పోక్సో సెక్షన్ 23 కింద మీడియాలో పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం, ఏడాది దాకా జైలు పడొచ్చు. చనిపోయిన పిల్లల విషయంలోనూ, తల్లిదండ్రులు ఒప్పుకున్నా, అనుమతి లేకుండా పేరు వాడకూడదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో చెప్పింది. అక్కాచెల్లెళ్లు అదే బడికి వెళ్లాలి కదా.

కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కనీసం 3 నెలలకోసారి సమావేశం కావాలి. ప్రతి కేసులో మొదటి విడత ఖాతాలో పడిన తేదీ, చార్జిషీట్ వేసిన తేదీ, బెయిలు నోటీసు కుటుంబానికి చేరిన తేదీ అక్కడ అడగండి. మినిట్స్‌లో రాయించి, నకలు తీసుకోండి.